దస్తావేజు చదువని చదువు

తెలుగుదేశమున పదవ తరగతి ముగించిన బాలుడు భాగవత పద్యమును అప్పగింపగలడు. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పగలడు. గణవిభజన చేసి ఉత్పలమాలయో చంపకమాలయో తేల్చగలడు. ఇది సంతోషింపదగినదే. కాని ఆ బాలుని చేతికి వాని తండ్రి పెట్టెలోనున్న క్రయ దస్తావేజు నిచ్చి, ఇందేమున్నదో చెప్పుమనినచో వాడు తెల్లబోవును. అందలి లిపి తెలుగే. పదములలో సగము తెలుగే. వాక్యము మాత్రము వానికి కొరుకుడుపడదు. తండ్రికిని పడలేదు. తాతకును పడలేదు. మూడు తరములుగా ఆ కుటుంబము తన బ్రతుకుతెరువును ఎవరో వ్రాసిన, ఎవరో చదివి వినిపించిన కాగితమునకు అప్పగించి కూర్చున్నది.

అక్షరాస్యత యనగా సంతకము చేయ నేర్చుట యని ఒకప్పుడనుకొంటిమి. ఇప్పుడు చెప్పవలసినది వేరొకటి. చదువకుండ సంతకము చేయువాడు వేలిముద్ర వేయువానికన్న ఏమియు మెరుగు కాడు. వేలిముద్ర వేసినవాడు, తనకు చదివి వినిపింపలేదని న్యాయస్థానమున చెప్పుకొనుటకైన కొంత చోటుండును; చదువుకొన్నవాని సంతకము వాని నోరు కట్టివేయును.

ఈ లోపమెంత ప్రమాదకరమో తెలిసికొనవలెనన్నచో కృష్ణపట్నము వైపు చూచిన చాలును. నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున, ముత్తుకూరు మండలమున, కండలేరు ఉప్పుటేరు కడలిలో కలియుచోట ఆ యూరున్నది. వలలు, పడవలు, వరిచేలు, తరువాతి కాలమున రొయ్యల గుంటలు - ఇవి ఆ ప్రాంతపు జీవనాధారములు. అట్టి ఊళ్లలో చాలకాలము మాటయే పత్రము; గట్టే హద్దు; పెద్దమనిషియే సాక్షి. 2008లో అచట నూతన నౌకాశ్రయము పనిచేయ నారంభించినది. సమీపముననే నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య పేరిట థర్మల్ విద్యుత్కేంద్రము లేచినది. 2020లో రేవు యాజమాన్యమే చేతులు మారినది. సముద్రమునకు చేరువనున్న ఇసుకనేలకు ఒక్కసారిగా వెల వచ్చినది. నేలకు వెల వచ్చిననాడు కాగితమునకు ప్రాణము వచ్చును. అంతవరకు ఎవరును అడుగని ప్రశ్నలు ఇంటింట పుట్టును: పట్టా ఎవరి పేరనున్నది? తాత చేసిన పంపకమునకు ఆధారమేమి? ఆడపడుచు సంతకము తీసికొంటిరా? కౌలుదారునకు వచ్చునదేమి?

ఇట్టి ప్రాంతములలో పేదలకు ప్రభుత్వమిచ్చిన డి పట్టా భూములు విశేషముగా నుండును. అట్టి భూములను అమ్మరాదని, కొనరాదని 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టము చేసినది. ఆ సంగతి తెలియక అమ్మినవారును, తెలిసియే కారుచౌకగా కొన్నవారును తీరమంతట కలరు. అట్టి భూమిని ప్రజాప్రయోజనమునకై ప్రభుత్వము తిరిగి తీసికొన్నచో, అనుభవదారునకు పూర్తి యజమానితో సమానముగా నష్టపరిహార మీయవలెనని 2004లో మేకల పాండు వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు విస్తృత ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023లో చట్టమునకు సవరణ వచ్చి, ఇచ్చి ఇరువది యేండ్లు దాటిన భూములకు కొన్ని నియమములతో విక్రయాధికారము కల్పింపబడినది. ఈ మూడు సంవత్సరములు, 1977, 2004, 2023, ఒక సామాన్య కుటుంబపు మూడు తరముల తలవ్రాతను మార్చినవి. ఈ మూడింటిలో ఏ యొక్కటియు పాఠ్యపుస్తకమున కానరాదు.

భూసేకరణ మాట చూతము. 1894 నాటి పాత చట్టము పోయి, 2013లో చేసిన క్రొత్త చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రాథమిక ప్రకటనను గెజిట్టులోనే కాక, ప్రాంతీయ భాషా దినపత్రికలోను, పంచాయతీ కార్యాలయమునందు స్థానిక భాషలోను ప్రకటింపవలెనని ఆ చట్టమే విధించినది. ప్రకటన వెలువడిన 60 దినములలో ఆక్షేపణ తెలుపుకొను హక్కును కూడ ఇచ్చినది. ప్రజలకు వారి భాషలో చెప్పుమని శాసనమే కోరినది. కాని గోడకు అంటించిన తెలుగు కాగితమును చదివి అర్థము చేసికొను శక్తి గ్రామమున లేనిచో ఆ హక్కు గోడమీదనే ఎండి రాలిపోవును. అరువది దినములు గడచిన పిమ్మట కలిగిన జ్ఞానము, ఓడ వెడలిపోయిన తరువాత రేవుకు చేరిన సరకువంటిది.

ఇందు విషాదమేమనగా, శాసనమును తెలుగువానికి తెలుగులో చెప్పు పని ఈ నెల్లూరి సీమలోనే ఏడువందల యేండ్లకు పూర్వము మొదలైనది. పదుమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి రాజ్యకాలమున నెల్లూరు తిక్కన సోమయాజికి నెలవు. ఆ తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన మూలఘటిక కేతన మరి రెండు గ్రంథములను రచించెను. ఒకటి ఆంధ్రభాషాభూషణము, తెలుగునకు తెలుగులో వెలసిన తొలి వ్యాకరణము. రెండవది విజ్ఞానేశ్వరీయము. కల్యాణపుర చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యను సంస్కృతమున రచింపగా, ఆ ధర్మశాస్త్రమును కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఒకే కవి ఒక చేత వ్యాకరణమును, మరియొక చేత వ్యవహారమును పట్టుట యాదృచ్ఛికమని తోచదు. మాటకు నియమమెట్లో మనుగడకు నియమమట్లే యని ఆయన తలచియుండును. తెలుగు పండితులు మొదటి గ్రంథమును పాఠశాలకు తెచ్చిరి. రెండవదానిని సాహిత్యచరిత్రలో ఒక పంక్తికి పరిమితము చేసిరి.

ఆ మూలస్మృతి వ్యవహారాధ్యాయమున చెప్పిన విషయములెట్టివి? అప్పు, కుదువ, సాక్షి, లేఖ్యము, దాయవిభాగము, పొలిమేర తగవు, పసులకాపరి తగవు, కూలి. అనగా ఈనాడు ఏ ఊరి రచ్చబండ మీదనైన వినవచ్చు తగవులన్నియు. అప్పుపత్రమెట్లుండవలెనో ఆ స్మృతి స్పష్టముగా చెప్పుచున్నది. సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేర్లు, తండ్రుల పేర్లు ఉండవలెను. పైన వ్రాసినది నాకు సమ్మతమని ఋణస్థుడు తన చేతితో వ్రాయవలెను. సాక్షులును తమ చేతితో వ్రాయవలెను. వ్రాసినవాడు కడపట తన పేరు చెప్పుకొనవలెను. బాకీ కొంత తీర్చినపుడు పత్రము వెనుక వ్రాయవలెను. పూర్తిగా తీర్చినపుడు పత్రమును చింపివేయవలెను.

పత్రము వెనుక వ్రాయుట యనునది తెలుగు పల్లెలలో ‘చెల్లు వేయుట’ యను పేర నేటికిని జీవించియున్నది. ప్రోనోటు వెనుక నాలుగు పంక్తులలో చెల్లు వేసి, ఇచ్చినవాడు సంతకము చేయుట ఎల్లరు నెరిగినదే. దాని ఫలితమును మాత్రము కొందరే యెరుగుదురు. ప్రోనోటు బాకీకి 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్ల గడువు పెట్టినది. ఆ గడువులోపల ఋణస్థుడు కొంత చెల్లించి, ఆ సంగతి తన చేవ్రాలుతో గుర్తించినచో, అచటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. పది రూపాయల చెల్లు పదివేల బాకీకి ఆయువు పోయగలదు. అప్పు ఇచ్చినవానికి ఇది రక్ష. తీసికొన్నవానికి ఇది హెచ్చరిక. ఇంతకన్న ఘోరమైనది ఖాళీ ప్రోనోటు. స్టాంపు అంటించి, సంతకము చేసి, అంకె వేయక ఇచ్చినచో, ఆ స్టాంపు పరిమితికి లోబడి దానిని నింపుకొను అధికారమును 1881 నాటి చట్టము పుచ్చుకొన్నవానికే యిచ్చుచున్నది. పిల్ల పెండ్లి తొందరలో ఖాళీ కాగితమున సంతకము చేసిన రైతు, తన ఇంటి తాళపుచెవిని అప్పులవానికి ఇచ్చినవాడగును.

యజమాని, పనివాడు అను సంబంధమును చూతము. కూలి ఇంతయని నిర్ణయింపక పని చేయించుకొన్నవానిచేత, ఆ వ్యాపారమునందో పశువులయందో పంటయందో వచ్చిన లాభములో పదియవ పాలు పనివానికి రాజు ఇప్పింపవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ముందుగా మాట్లాడుకొనకపోవుట యజమాని తప్పేగాని పనివాని తప్పు కాదను న్యాయము ఇందున్నది. 2019, 2020 సంవత్సరములలో పార్లమెంటు ఆమోదించిన నాలుగు కార్మికస్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. ఉద్యోగికి నియామకపత్రము వ్రాసి యీయవలెనను నిబంధన వాటిలో నొకటి. రేవులోను, గోదాములలోను, రొయ్యల కర్మాగారములలోను గుత్తేదారు క్రింద పనిచేయు యువకులు ఆ పత్రమును అడుగవలెను. ఇచ్చిన పిదప చదువవలెను. తన యజమాని ఎవరు, జీతమెంత, పని గంటలెన్ని యను మూడు ప్రశ్నలకు పత్రమున సమాధానమున్నదో లేదో చూచుకొనలేని పట్టభద్రుడు, పట్టము గలవాడే గాని భద్రుడు కాడు. నలుగురిని పనిలో పెట్టుకొన్న చిన్న యజమానికిని ఇందు మేలే కలదు. వ్రాసి యిచ్చిన జీతమునకు తరువాత తగవుండదు.

కుటుంబమునకు వత్తము. మితాక్షర మార్గమున పుట్టుకతోడనే కొడుకునకు పిత్రార్జితమున పాలు కలిగెడిది. కూతునకు అట్టి పాలు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి తదనంతరము ఆయన వాటాలో కూతునకు భాగమిచ్చినదే గాని, పుట్టుకతో వచ్చు హక్కును కొడుకులకే యుంచినది. ఆ యడ్డుగోడను పగులగొట్టుటలో తెలుగునాడు దేశమునకు దారి చూపినది. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1986లో చేయబడి 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన రాష్ట్ర సవరణ, ఆ తేదీకి పెండ్లికాని కూతుండ్రకు కొడుకులతో సమాన దాయాధికార మిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము వివాహితలకును ఆ హక్కును విస్తరించినది. ఆ తేదీకి తండ్రి జీవించియుండవలసిన పనిలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము సందేహము తీర్చినది.

శాసనము ఇంతదూరము నడచివచ్చినది, ఇల్లు నడచినదా? ‘పసుపు కుంకుమల క్రింద రెండెకరము లిచ్చితిమి’ అని నోటిమాటగా చెప్పి, రిజిస్ట్రేషను చేయింపక, కూతునకు పొలము చూపించు ఆచారము నేటికిని ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము స్థిరాస్తి దానము, ఇద్దరు సాక్షులు సంతకము చేసిన రిజిస్టరు పత్రము మూలముననే చెల్లును. నోటి పసుపు కుంకుమ తండ్రి యున్నన్నాళ్లు చెల్లును. తరువాత అన్నదమ్ముల దయ. మరియొక వైపు, ‘ఒక సంతకము పెట్టి పోవమ్మా, సారె తీసికొనిపొమ్ము’ అని పండుగకు పిలిచి విడుదల దస్తావేజుపై సంతకము చేయించుకొను అన్నలున్నారు. చెల్లెలు చదువుకొన్నదే, కాని అన్న యెదుట కాగితము చదువుట అపనమ్మకమనిపించుకొనునని భయపడును. చదువుట అవమానించుట కాదని ఆమెకు బడిలో ఎవరును చెప్పలేదు. వాటా వద్దనుకొని ప్రేమతో విడిచిపెట్టుట ఆమె యిష్టము. తెలియక పోగొట్టుకొనుట మాత్రము ప్రేమ కాదు.

వీలునామా సంగతియు నిట్టిదే. దానిని తెల్లకాగితము మీదనైనను వ్రాయవచ్చును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. తరువాత తగవు వచ్చినపుడు వారిలో ఒక్కరైనను, బ్రతికియున్నచో, న్యాయస్థానమునకు వచ్చి చెప్పవలెను. అందుచేత తనకన్న పెద్దవాండ్రను సాక్షులుగా పెట్టుట వివేకము కాదు. ఇంత చిన్న యుపాయము తెలియక ఎన్ని కుటుంబములు కోర్టు మెట్ల మీద ముసలివైనవో!

క్రయ దస్తావేజు తెలుగు పండితునకు నిజముగా విందువంటిది. ‘నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్య’ములను అష్టభోగములు శిలాశాసనముల నుండి దిగివచ్చి నేటికిని కొన్ని దస్తావేజులలో నిలిచియున్నవి. ‘పుత్రపౌత్ర పారంపర్యముగా’ అను పలుకున తాతల గొంతు వినబడును. వాటి సరసనే ‘చెక్కుబందీ’, ‘దఖలు’, ‘హక్కు’, ‘నకలు’, ‘రద్దు’ మున్నగు పదములు కూర్చున్నవి. వానిలో పెక్కు పారసీక, అరబ్బీ భాషల నుండి వచ్చినవి. ‘కౌలు’ అను పదమునకు అరబ్బీ మూలమున ‘మాట’ యని యర్థము. ఇచ్చిన మాటయే కౌలైనది. ఇట్టి కచేరీ పదములను సి. పి. బ్రౌను గుదిగ్రుచ్చి 1852లో జిల్లా నిఘంటువును ప్రకటించెను. ఇక సంస్కృతము, పారసీకము చాలవన్నట్లు రిజిస్ట్రేషను, స్టాంపు, ఈసీ యను ఆంగ్లపదములు వచ్చి చేరినవి. ఒక పుటలో నాలుగు రాజ్యముల చరిత్ర యున్నది. సంధులు, తత్సమములు, అన్యదేశ్యములు చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకన్న మంచి ఉదాహరణ పుట ఎచట దొరకును?

అందమును మెచ్చుకొనుటతోడనే అర్థమును విచారింపవలెను. అష్టభోగములలో మొదటిది నిధి. కాని నేలలో దొరకిన నిధి, పది రూపాయలకు మించిన వెల గలదైనచో, కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధినిక్షేపముల చట్టము చెప్పుచున్నది. అమ్మినవాడు నిధిని వ్రాసి యిచ్చినంత మాత్రమున అది కొన్నవానిది కాదు. అనగా దస్తావేజులో వ్రాసినదెల్ల దక్కదు, దక్కవలసినదెల్ల వ్రాయబడియుండదు. పాసుపుస్తకములో పేరున్నంత మాత్రమున యాజమాన్యము సిద్ధింపదని, రెవిన్యూ నమోదులు స్వత్వమును కల్పింపవని న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. కేవలము జనరల్ పవర్ ఆఫ్ అటార్నీని, అమ్మకపు ఒప్పందమును చేతబట్టుకొని ఆస్తి కొంటినని తలచుట తప్పని 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము స్పష్టపరచినది. రేవు వచ్చుచున్నదని, రోడ్డు వచ్చుచున్నదని విని తీరమున స్థలములు కొన్న చిన్న ఉద్యోగులలో, ఉపాధ్యాయులతో సహా, ఈ తేడా నెరిగినవారెందరు?

ప్రజలు శాసనమును చదువనిచో ఏమగునో తెలుగువారు ఇటీవలనే చూచిరి. 2022లో చేయబడిన ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కుల చట్టము 2023 అక్టోబరు 31న అమలులోనికి వచ్చినది. 2024 ఎన్నికలలో ఊరూర చర్చింపబడినది. ఆ యేడే రద్దయినది. ఆ చట్టము మంచిదా చెడ్డదా యను వివాదము ఇచట అవసరము లేదు. దానిని మెచ్చినవారును, నిందించినవారును, భయపడినవారును అందరును వినికిడి మీదనే మాటలాడిరి. తన పొలమునకు సంబంధించిన శాసనమును గూర్చి ఓటు వేసిన రైతు, దాని పాఠమును తన భాషలో సులభముగా చదువుకొని ఓటు వేసెనని చెప్పగలమా? ఇది ఏ పక్షమునకో తగిలిన దోషము కాదు. పాఠశాలకు తగిలిన దోషము.

తీరమున పూర్వము వేరొక పద్ధతి యుండెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుఫానున పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు పూర్వరాజులు బలాత్కారముగా తీసికొనుచుండగా, తాను నియమిత సుంకమును తప్ప మరేదియు తీసికొనననియు, ఆ సుంకము ముప్పదింట ఒక పాలనియు ఆయన ప్రకటించెను. ఏ వస్తువునకెంతయో రాతిమీద చెక్కించి రేవులోనే నిలిపెను. శాసనము రాజు పెట్టెలో నుండలేదు. ఓడ దిగినవాడు తల యెత్తి చూడగలచోట నుండెను. నేటి శాసనములు రాతికన్న గట్టివే; కాని తల యెత్తి చూచినవానికి కనబడుచున్నవా?

పూర్వమెల్ల పవిత్రమని చెప్పుట ఇచట ఉద్దేశము కాదు. స్మృతులలో వర్ణమునుబట్టి దండన మారినది. స్త్రీకి స్వాతంత్ర్యము కుంచితమైనది. రాజ్యాంగము ఆ తారతమ్యములను త్రోసివేసినది, త్రోసివేయుటయే న్యాయము. కేతన నుండి గ్రహింపవలసినది ఆయన చెప్పిన ధర్మమును కాదు, ఆయన చేసిన పనిని. పరభాషలోనున్న వ్యవహారమును తెలుగువాని నాలుకకు తెచ్చుట ఆ పని. నేడు ఉన్నత న్యాయస్థానములలో వ్యవహారభాష ఆంగ్లము. చట్టముల ప్రామాణికపాఠము ఆంగ్లము. 1966లోనే తెలుగు అధికారభాషాచట్టము వచ్చినను, అధికారి తెలుగులో వ్రాసిన నోటీసు తెలుగువానికే అర్థము కాని స్థితి పూర్తిగా పోలేదు. దీనిని దిద్దుటకు ప్రభుత్వము చేయవలసినది చాల కలదు. అంతవరకు బడి చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనిలేదు.

బడి యేమి చేయగలదు? తొమ్మిది, పది తరగతులలో లేఖారచన యను అంశము ఉండనే యున్నది. మిత్రునకు విహారయాత్రను వర్ణించుచు లేఖ వ్రాయుమని ఏటేట అడుగుచునే యున్నారు. దాని సరసన అయిదు పత్రములను చేర్చిన చాలును: ప్రోనోటు, కౌలు ఒప్పందము, క్రయ దస్తావేజు, వీలునామా, నియామకపత్రము. పేర్లు, సర్వే నంబర్లు కల్పించిన మాదిరి పత్రములను తరగతికి తేవలెను. ఎవరు వ్రాసి యిచ్చుచున్నారు, ఎవరికి, దేనిని, ఎంతకు, ఏ నాటినుండి, మాట తప్పినచో ఏమి యను ఆరు ప్రశ్నలకు పిల్లలు ఆ పత్రములో సమాధానములు వెదకవలెను. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్ట్రేషను కావలెనని, అందుచేతనే లోకమున పదునొకండు నెలల ఒప్పందములు వ్రాయుచున్నారని చెప్పినచో, పదునొకండు అను అంకెలోని రహస్యము వానికి జీవితాంతము గుర్తుండును. చతుస్సరిహద్దులు వ్రాయు అభ్యాసమునకు బడి స్థలమే చాలును: తూర్పున ఏమి, దక్షిణమున ఏమి, కొలత ఎంత? ఇందులో భాష కలదు, గణితము కలదు, భూగోళము కలదు.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. ఉపాధ్యాయుడు న్యాయవాది కాడుగదా యందురు. నిజమే. ఆరోగ్యశాస్త్రము చెప్పువాడు వైద్యుడు కాడు. అయినను కాచిన నీరు త్రాగుమని చెప్పుచున్నాడు. తగవు తీర్చుట బడి పని కాదు; ఎప్పుడు న్యాయవాది యొద్దకు పోవలెనో తెలియజెప్పుట బడి పని. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ప్రకారము లభించును. జిల్లాకొక న్యాయసేవాధికార సంస్థ అందులకే యున్నది. ఈ ఒక్క వాక్యము తెలిసిన బాలిక తన తల్లికి ఎంత బలమో యోచింపవలెను.

పిల్లలు తగవులమారులగుదురని మరికొంద రందురు. అనుభవము దీనికి విరుద్ధము. తగవు పుట్టునది తెలిసిన చోట కాదు, తెలియని చోట. హద్దు స్పష్టముగా వ్రాసికొన్న అన్నదమ్ములు పండుగనాడు ఒక పంక్తిని భోజనము చేయుదురు. నోటిమాటగా పంచుకొన్న అన్నదమ్ములు తండ్రి తద్దినమునకు వేరువేరుగా పిండము పెట్టుదురు. ఇక సాహిత్యమునకు చోటు తగ్గునను భయము మూడవది. తెలుగులో కొరుకుడుపడని వాక్యమును విప్పుకొను శక్తి నిచ్చునది సాహిత్యమే. ప్రబంధపద్యమునకు అన్వయము చెప్పగల బాలుడు దస్తావేజు వాక్యమునకు అన్వయము చెప్పలేడా? చెప్పలేకపోవుట శక్తి లేక కాదు, ఎవరును అడుగక.

బడిపుస్తకములోని పాఠము బ్రతుకును మార్చునా యని సందేహించువారు నెల్లూరి జిల్లానే తలచుకొనవలెను. 1990 దశకపు మొదటి యేండ్లలో అచట సాగిన అక్షరాస్యతా ఉద్యమపు వాచకమున సీతమ్మ కథ యను చిన్న పాఠముండెను. రాత్రిబడిలో దానిని చదువుకొన్న దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ గాలి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రమునకు వ్యాపించినది. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయినను, ఒక పాఠము శాసనసభను కదల్చినదను మాట చెరగలేదు. ఆ స్త్రీలు పండితులు కారు. తమ యింటి సంగతి అక్షరములలో కనబడినందున అక్షరమును నమ్మిరి.

కృష్ణపట్నపు రేవునకు వచ్చు ప్రతి యోడయు సరకు జాబితాను వెంట తెచ్చుకొనును. ఏ పెట్టెలో ఏమున్నదో వ్రాసి, సంతకము చేసి, చదివి చూచుకొన్నగాని దానిని దింపరు. ఆ రేవు ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లవానికి తన నేలను గూర్చియు, తన కూలిని గూర్చియు, తన తోబుట్టువు పాలును గూర్చియు అంతపాటి జాగ్రత్త నేర్పుట అత్యాశ కాదు. రాబోవు విద్యాసంవత్సరమున ఒక్కొక్క తెలుగు ఉపాధ్యాయుడు ఒక్కొక్క దస్తావేజును తరగతికి తెచ్చి, ఒక్క గంట దానిని చదివించినచో చాలును. అందులకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.